కుక్కను బెదరకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం ఎలా?

కుక్కకు భయం సూది దగ్గర మొదలవదు. తలుపు వెనక నుంచి గొలుసు తీసిన చప్పుడుకే మొదలవుతుంది. ఏడాదికి ఒకసారి మాత్రమే బయటికి వచ్చే ఆ గొలుసు, తర్వాత ఆటో, ఫినాయిల్ వాసన, జారే నేల, చల్లటి స్టీలు టేబుల్, ఇద్దరు ముగ్గురు కొత్త మనుషులు, తోక కింద థర్మామీటర్, చివరికి సూది. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తే ఏ కుక్కయినా ఆ వరుసను గుర్తుపెట్టుకుంటుంది. మరుసటి సారి గొలుసు చూడగానే మంచం కిందికి దూరుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని లాగి, ఎత్తి, అదిమి పట్టుకుని తీసుకెళ్తారు. అంటే ఆసుపత్రికి చేరేలోపే సగం యుద్ధం అయిపోయింది.

అందుకే అసలు పని ముందు మూడు నాలుగు వారాల్లో, ఇంట్లోనే జరగాలి. ఆ వరుసలో ఉన్నవాటిని విడివిడిగా తీసుకుని, ఒక్కోదాన్ని మామూలు విషయంగా మార్చాలి. ఇది కుక్క సుఖం కోసం మాత్రమే కాదు. భయపడిన కుక్కకు గుండె వేగం పెరుగుతుంది, ఒంటి వేడి కూడా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. వణుకుతూ, రొప్పుతూ వచ్చిన కుక్కకు 103 చూపిస్తే అది జ్వరమా, టెన్షనా అన్నది డాక్టరుకు తేల్చుకోవడం కష్టం. కడుపు బిగపట్టుకున్న కుక్కకు పొట్ట తడిమి చూసినా లోపల ఏముందో సరిగ్గా తెలియదు. ప్రశాంతంగా ఉన్న కుక్కకే మంచి వైద్యం అందుతుంది.

మొదట మీ చెయ్యి అలవాటు చేయండి

అన్నింటికంటే ఎక్కువ రోజులు దీనికే ఇవ్వండి. కుక్కను రోజూ నిమురుతూనే ఉంటాం కదా అనిపిస్తుంది. కానీ మనం నిమిరేది తల, వీపు. డాక్టరు చూసేది చెవి లోపల, పెదవి కింద చిగుళ్ళు, కాలి వేళ్ళ మధ్య, పొట్ట, తోక కింద. ఆ చోట్లు ఇంట్లో ఎవరూ ముట్టుకోరు కాబట్టి అక్కడ కొత్త చెయ్యి పడగానే కుక్క ఉలిక్కిపడుతుంది.

ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించిన చికెన్‌ను చిటికెన వేలి గోరంత ముక్కలు చేసి పెట్టుకోండి. ఇంట్లో మాంసం వండకపోతే ఉప్పు వేయని పనీర్ సరిపోతుంది, గుడ్డు తినేవాళ్ళైతే ఉడకబెట్టిన గుడ్డు. కూరలో ముక్క కడిగి పెడితే చాలదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి.

చెవి అంచును ఒక్క క్షణం ముట్టుకోండి, చెయ్యి తీసేయండి, ముక్క పెట్టండి. ఈ వరుస తప్పకూడదు: ముందు చెయ్యి, తర్వాత తిండి. చాలామంది ముందు ముక్క చూపించి, కుక్క తింటున్నప్పుడు చెవి పట్టుకుంటారు. అప్పుడు ముక్క కనిపిస్తే చెవి పట్టుకోబోతున్నారని కుక్క నేర్చుకుంటుంది, చివరికి తిండినే అనుమానిస్తుంది. చెయ్యి పడితే మంచి జరుగుతుందని నేర్చుకోవాలి. రెండు మూడు రోజులు చెవి అంచు. తర్వాత చెవిని పైకెత్తి లోపల చూడడం. పెదవి ఎత్తి పళ్ళు చూడడం. పాదాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక్కో వేలు నొక్కడం. పనిలో పనిగా వేళ్ళ మధ్య, చెవి మడతల్లో పిడుదులు ఉన్నాయేమో చూసుకోవచ్చు. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు మన వైపు కుక్కలకు మామూలే.

సూదికి రిహార్సల్ వేరుగా చేయాలి. టీకా ఎక్కువగా మెడ వెనక వదులుగా ఉండే చర్మం కింద వేస్తారు. ఆ చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పైకి లాగండి, వదలండి, ముక్క పెట్టండి. అలవాటయ్యాక మూత పెట్టిన బాల్ పెన్నుతో అక్కడ తేలిగ్గా నొక్కండి. రక్తం తీసేది సాధారణంగా ముందు కాలి నుంచి. మోచేతి వెనక నుంచి పట్టుకుని కాలిని ముందుకు చాపి, రెండు క్షణాలు అలాగే ఉంచి వదలండి. తర్వాత తడి దూదితో ఆ చోట తుడవండి. స్పిరిట్ వాసన నచ్చని కుక్కలు చాలా ఉంటాయి. కాబట్టి ముందు నీళ్ళతో, ఆ తర్వాత రెండు చుక్కల స్పిరిట్‌తో. తోక ఎత్తడం కూడా ఇలాగే. ఇంట్లో థర్మామీటర్ పెట్టాల్సిన అవసరం లేదు, తోక ఎత్తి పట్టుకుంటే భయపడకుండా ఉంటే చాలు.

ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. అంతకంటే ఎక్కువ వద్దు.

కుక్క వద్దంటున్నప్పుడు నోటితో చెప్పదు, ఒంటితో చెబుతుంది. తినడానికి ఏమీ లేనప్పుడు పెదవులు నాకుకోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, తోక కాళ్ళ మధ్యకు లాక్కోవడం, ఉన్నట్టుండి బొమ్మలా బిగుసుకుపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆగి, అంతకుముందు సులువుగా ఒప్పుకున్న మెట్టుకు వెనక్కి వెళ్ళండి. బిగుసుకుపోయిన కుక్కను చూసి బుద్ధిగా నిల్చుందని అనుకుంటారు. నిజానికి కరవడానికి ముందు వచ్చే గుర్తుల్లో అదొకటి. గుర్రుమంటే కొట్టకండి, తిట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక. దెబ్బలకు భయపడి హెచ్చరించడం మానేసిన కుక్క, తర్వాత నేరుగా కరుస్తుంది.

ఒక చాప, ఒక చిక్కం

ఆసుపత్రి టేబుల్ మీద కుక్కకు అసలు భయం ఎత్తు కాదు, కాళ్ళు జారడం. పాత దుప్పటి గానీ, అడుగున రబ్బరు ఉన్న చిన్న మ్యాట్ గానీ ఒకటి దానికోసమే కేటాయించండి. ఇంట్లో దాని మీద కూర్చున్నప్పుడల్లా ముక్క పెట్టండి, మధ్యాహ్నం నిద్ర దాని మీదే పోనివ్వండి, ఉతక్కండి. దాని వాసన దానికి ధైర్యం. తర్వాత ఆ మ్యాట్‌ను దివాన్ మీద, తక్కువ ఎత్తు బల్ల మీద వేసి ఎక్కించి దించండి. వెళ్ళే రోజున అదే మ్యాట్ టేబుల్ మీద పరచమని అడిగితే ఏ డాక్టరూ కాదనరు.

మూతికి చిక్కం పెట్టడమంటే చాలామందికి చిన్నతనంగా ఉంటుంది, మా వాడు అలాంటివాడు కాదండీ అంటారు. నొప్పి పుడితే ఎంత నెమ్మదైన కుక్కయినా కరవగలదు. పైగా కరుస్తుందేమో అన్న దిగులు లేకపోతే డాక్టరు చెయ్యి తేలిగ్గా ఆడుతుంది, పని త్వరగా అయిపోతుంది. బుట్టలా ఉండేదే కొనండి. అందులో నోరు తెరిచి రొప్పవచ్చు, నీళ్ళు తాగవచ్చు, సందుల్లోంచి ముక్క కూడా అందించవచ్చు. మూతిని గట్టిగా మూసేసే గుడ్డ పట్టీ మన ఎండలకు పనికిరాదు. కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు, ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. అలవాటు చేయడానికి బుట్ట అడుగున పెరుగు రాసి, దాని ముందు పట్టుకోండి. అదే మూతి లోపలికి పెట్టి నాకాలి, మీరు తొడగకూడదు. వారం తర్వాత పట్టీ బిగించి వెంటనే తీసేయండి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా సమయం పెంచండి.

ఆటో, స్కూటర్, కారు

తిరుపతిలో చాలా కుక్కలు స్కూటర్ ముందు కాళ్ళు పెట్టుకునే చోట నిలబడి ప్రయాణం చేస్తుంటాయి. సరదాగా కనిపిస్తుంది గానీ నాకు చూసినప్పుడల్లా గుండె ఆగినంత పనవుతుంది. రేణిగుంట రోడ్డులోనో, అన్నమయ్య సర్కిల్ దగ్గరో పక్కనే బస్సు హారన్ కొడితే భయపడిన కుక్క దూకేది చక్రాల కిందికే. చిన్న కుక్కయితే మూత ఉన్న బుట్టలో పెట్టి, వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోవాలి. పెద్ద కుక్కకు ఆటో గానీ కారు గానీ మాట్లాడుకోండి. తెలిసిన ఆటో అతను ఉంటే ఇంకా మంచిది. ఆయన్ను ముందే అడిగి, ఆగి ఉన్న ఆటోలో కుక్కను ఎక్కించి ముక్క పెట్టి దించండి. మరో రోజు ఇంజిన్ ఆన్‌లో పెట్టి. ఇంకో రోజు వీధి చివరి వరకు. వాహనం ఎక్కిన ప్రతిసారీ ఆసుపత్రికే వెళ్ళకూడదు. అవిలాల వైపు ఖాళీ స్థలాల్లోకో, చంద్రగిరి రోడ్డు పక్కకో తీసుకెళ్ళి కాసేపు వాసన చూడనిచ్చి తీసుకురండి.

బయలుదేరే ముందు మూడు గంటల్లో కడుపునిండా పెట్టకండి. వాంతి తగ్గుతుంది, కాస్త ఆకలితో ఉంటే మీ చేతిలోని ముక్కకు విలువ పెరుగుతుంది. నీళ్ళు మాత్రం ఆపొద్దు. మత్తు ఇచ్చేది ఉంటే, రక్తపరీక్ష ఉంటే ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచాలో డాక్టరు చెప్పిన మాటే వినండి. అప్పుడు ముక్కలు కూడా ఇవ్వొచ్చో లేదో అడగండి.

ఏ పనీ లేకుండా ఒకసారి వెళ్ళి రండి

ఇది చాలామంది చేయరు. నా దృష్టిలో ఇంత ఫలితం ఇచ్చే పని ఇంకొకటి లేదు. సూది లేదు, పరీక్ష లేదు. ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి, నాలుగు ముక్కలు పెట్టి తిరిగి రావడం. ఇంకో రోజు లోపలికి వెళ్ళి, బరువు చూసే మిషన్ మీద నిలబెట్టి, ఎవరైనా సిబ్బంది చేత ఒక ముక్క పెట్టించి వచ్చేయడం. ముందుగా అడిగి, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్ళండి.

తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకు ఇది మరీ అవసరం. 1955లో మొదలైన ఆ కాలేజీ, 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ డాక్టర్లతో పాటు తెల్లకోట్లు వేసుకున్న విద్యార్థులూ ఉంటారు. ఒక్క కుక్క చుట్టూ ఐదారుగురు మూగవచ్చు. వాళ్ళు నేర్చుకోవాలి, అది మంచిదే, రేపటి డాక్టర్లు వాళ్ళే. కానీ ఇంట్లో నలుగురినే చూసిన కుక్కకు అది పెద్ద గుంపు. ఆవులు, మేకలు కూడా అక్కడికి వస్తాయి. కాబట్టి ఇంట్లోనే ఒకరిద్దరు స్నేహితులకు తెల్ల చొక్కాలు తొడిగి, మీరు పక్కన ఉండగా వాళ్ళ చేత చెవులు చూపించడం, పాదాలు పట్టించడం చేయండి. చిత్తూరులోనో, పుత్తూరులోనో చిన్న పశువుల ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకు గుంపు సమస్య తక్కువ. అక్కడ ఎద్దులూ, గొర్రెలూ ఉన్న ఆవరణలో కుక్కను దూరంగా నిలబెట్టుకోవడం అలవాటు చేస్తే చాలు.

కుక్కపిల్లల విషయంలో ఒక జాగ్రత్త. మూడో వారం నుంచి దాదాపు మూడు నెలల వయసు వరకు అవి కొత్తవాటిని సులువుగా ఒప్పుకుంటాయి, అప్పుడు చూపించినవి జీవితాంతం పనికొస్తాయి. కానీ పార్వో (కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చి ప్రాణం మీదికి తెచ్చే వైరస్) టీకాలు పూర్తికాని పిల్లను ఆసుపత్రి నేల మీద దించకండి. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. చంకలో ఎత్తుకునే అన్నీ చూపించండి.

వెళ్ళే రోజు

రోజు ఎంచుకోవడం కూడా పనిలో భాగమే. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు, తమిళుల పెరటాశి నెల శనివారాల్లో ఊళ్ళో ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అత్యవసరం కాకపోతే ఆ రోజులు వదిలేయండి. దీపావళి టపాసులు మోగే వారం అసలు వద్దు. అప్పటికే బెదిరి ఉన్న కుక్కకు ఇంకో భయం తోడైతే రెండూ కలిసి గట్టిపడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొందరగా వెళ్ళండి. ఎండలో కాగిన తారురోడ్డు మీద మీ అరచెయ్యి వెనక భాగం ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా ఉంచలేవు.

ఇంటి దగ్గర ఒక నెమ్మది నడక నడిపించి, ఒకటీ రెండూ అయ్యాకే బండి ఎక్కించండి. మూత్ర పరీక్ష కావాలన్నారంటే మాత్రం ముందే అడిగి, దానికి తగ్గట్టు చేయండి. టీకాల పుస్తకం, పాత మందుల చీటీలు, మ్యాట్, చిక్కం, ముక్కల డబ్బా, నీళ్ళు, గిన్నె. కుంటుతుంటే ఇంట్లో నడిచినప్పటి వీడియో ఫోన్‌లో తీసి ఉంచుకోండి, ఆసుపత్రిలో భయంతో కుక్క మామూలుగా నడిచేసే అవకాశం ఉంది. మెడ బెల్టు లోపలికి రెండు వేళ్ళు పట్టాలి, అంతకంటే వదులైతే భయపడి వెనక్కి లాగినప్పుడు తల జారిపోతుంది. ఛాతీకి వేసే బెల్టు కూడా ఉంటే రెండూ వేయండి.

అక్కడికి చేరాక ఒకరు చీటీ రాయించడానికి వెళ్ళాలి, ఇంకొకరు కుక్కతో బయట చెట్టు నీడలో ఉండాలి. వరుసలో బెంచీ మీద కూర్చుని, పక్కవాళ్ళ కుక్కతో ముక్కు ముక్కు రాయించనివ్వడం మంచిది కాదు. పక్క కుక్కకు ఏ జబ్బు ఉందో, ఎంత నొప్పి ఉందో తెలియదు. మీ పేరు పిలిచినప్పుడే లోపలికి.

గదిలోకి వెళ్ళగానే మీ కుక్క గురించి ముందే చెప్పండి. "సార్, మా వాడికి కొత్తవాళ్ళు మీద చెయ్యి వేస్తే భయం. ఒక్క నిమిషం వాసన చూడనిస్తారా?", "మేడమ్, చెవి ముట్టుకుంటే బెదురుతుంది, అది చివర్లో చూస్తారా?" ఇలా అడగడంలో మొహమాటం అక్కర్లేదు. టేబుల్ ఎక్కితే వణికే కుక్కయితే నేల మీదే చూడమని అడగవచ్చు, చిన్న పరీక్షలు అలా చేయవచ్చు. చుట్టూ విద్యార్థులు ఎక్కువ ఉంటే ఒకరిద్దరు మాత్రం ఉంటారా అని అడగండి.

సూది వేసేటప్పుడు ఒక మూత మీద ఉప్పు లేని పెరుగు రాసి మూతి ముందు పెట్టండి. నాకుతున్న కుక్కకు ఆ క్షణం చాలావరకు తెలియకుండా పోతుంది. పీనట్ బటర్ వాడితే దాంట్లో జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) లేదని సీసా మీద చదివి చూడండి, అది కుక్కలకు విషం. మీ మొహం దాని మొహానికి దగ్గరగా పెట్టకండి. మాట నెమ్మదిగా, మామూలుగా ఉండాలి. భయపడినప్పుడు దువ్వితే భయం ఎక్కువవుతుందనే మాట చాలామంది అంటారు, అది నిజం కాదు. భయం అలవాటు కాదు, దువ్వితే పెరగదు. మీ చెయ్యి దానికి ఊరటగా ఉంటే తప్పకుండా వేయండి.

ఇంత చేసినా కుక్క తట్టుకోలేక పెనుగులాడితే, అది అత్యవసరం కాని పనైతే, నలుగురు అదిమిపట్టి పూర్తి చేయించకండి. ఆపి, ఇంకో రోజు వస్తామని చెప్పండి. ఒక రోజు ఆలస్యమైన గోళ్ళ కత్తిరింపు వల్ల నష్టం లేదు, బలవంతంగా చేయించినదాని జ్ఞాపకం మాత్రం ఏళ్ళు ఉంటుంది. మరీ భయపడే కుక్కలకు ఇంటి నుంచి బయలుదేరే ముందు ఇచ్చే టెన్షన్ తగ్గించే మందులు ఉన్నాయి. డాక్టరును అడిగి తీసుకుని, ఎలా పనిచేస్తుందో ఆసుపత్రి లేని రోజున ఇంట్లో ఒకసారి చూడమంటే చూడండి. మనుషుల మందు బిళ్ళలు, నిద్ర మాత్రలు సొంతంగా ఇవ్వకండి. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ లాంటి ఇంట్లో ఉండే బిళ్ళలే కుక్కలకు ప్రమాదం.

పాము కాటు, యాక్సిడెంట్, వడదెబ్బ లాంటివాటికి ఈ ఓపిక ఏదీ వర్తించదు. పాము కాటుకు, యాక్సిడెంట్‌కు దుప్పటిలో చుట్టి, వీలైనంత కదలకుండా వెంటనే తీసుకెళ్ళాలి. వడదెబ్బకైతే దుప్పటి చుట్టకుండా, దారిలోనే ఒంటి మీద మామూలు నీళ్ళు పోస్తూ గాలి తగలనివ్వాలి. నొప్పితో ఉన్న కుక్క మీ చేతినే కరవవచ్చు కాబట్టి చిక్కం పెట్టండి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి ఆడకపోతున్నా మాత్రం పెట్టకూడదు.

టీకా వేయించిన వెంటనే ఇంటికి పరుగెత్తకుండా పదిహేను ఇరవై నిమిషాలు దగ్గర్లోనే ఉండండి. మొహం వాచినా, వాంతులు పట్టుకున్నా, ఊపిరి కష్టమైనా వెంటనే లోపలికి తీసుకెళ్ళాలి. ఒక రోజు మందకొడిగా ఉండడం, సూది వేసిన చోట కొంచెం గట్టిపడడం మామూలే. రేబిస్ టీకా మొదటిసారి మూడు నెలల వయసులో, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే రోజు) సందర్భంగా చాలాచోట్ల రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. ధైర్యంగా ఉండే కుక్కలకు అది మంచి అవకాశం. బెదురు కుక్కను మాత్రం ఆ గుంపులోకి తీసుకెళ్ళకుండా ముందో వెనకో ఖాళీ రోజు చూసుకోండి. వచ్చే ఏడాది తేదీ క్యాలెండర్‌లో రాసేటప్పుడు, దానికి నెల ముందు చెవులు, పాదాలు మళ్ళీ మొదలుపెట్టాల్సిన రోజు కూడా రాసుకోండి.